మొరాయించిన ఎం-16: లోపం ఏ భాగంలో ఉంది?

వియత్నాం యుద్ధకాలంలో, ముఖ్యంగా 1966, 67 సంవత్సరాల్లో, అమెరికన్ సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాల్లో ఎం-16 రైఫిల్ గురించి ఒకే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. తూటా పేలుతుంది, ఖాళీ ఇత్తడి తొడుగు మాత్రం బయటికి రాదు. తూటా కూర్చునే గది అయిన ఛాంబర్ గోడలను కరచుకుని అక్కడే ఉండిపోతుంది. దాన్ని పట్టి లాగాల్సిన ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం తొడుగు అంచును చీల్చుకుని వట్టి చేతులతో వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత చేయగలిగింది ఒక్కటే. తుపాకి శుభ్రం చేసే సన్నని కడ్డీని బారెల్ మూతిలోంచి దూర్చి, ఇరుక్కున్న తొడుగును వెనక్కి పొడిచి పడగొట్టాలి. ఎదుటివాడు కాలుస్తూనే ఉంటాడు, ఈ పని మోకాళ్ల మీద కూర్చుని చేసుకోవాలి. అదీ కడ్డీ దగ్గర ఉంటేనే. 1967 ఏప్రిల్, మే నెలల్లో ఖేసాన్ దగ్గరి కొండల మీద పోరాడిన ఒక మెరీన్ రాసిన ఉత్తరం న్యూజెర్సీలో ఒక పత్రికలో అచ్చయింది. ఆ రాష్ట్ర ప్రతినిధి జేమ్స్ హోవర్డ్ దాన్ని అమెరికా కాంగ్రెస్ దృష్టికి తెచ్చాడు. చనిపోయిన తమవాళ్లలో చాలామంది పక్కన విప్పదీసిన రైఫిళ్లు పడి ఉన్నాయన్నది ఆ ఉత్తరం సారాంశం. ఆ మే నెలలోనే మిస్సౌరీ ప్రతినిధి రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ మొదలుపెట్టింది.

అప్పటినుంచి ఇప్పటిదాకా లోపం ఎక్కడన్న ప్రశ్నకు జవాబులు చెప్పినవారు కొన్ని శిబిరాలుగా చీలిపోయారు. తూటాలో మందు మార్చడమే కొంప ముంచిందన్నది ఒక వాదం. ఛాంబర్‌కు క్రోమియం పూత వేయకపోవడమే అసలు తప్పని మరొకటి. సైనికుడు తుపాకిని శుభ్రం చేసుకోలేదని సైన్యం, తయారీదారు అన్నారు. రైఫిల్ రూపకల్పనే లోపభూయిష్టం, పొగనూ మసినీ తన గుండెకాయలోకే వదులుకునే తుపాకి ఇంకెలా ఉంటుందని కలాష్నికోవ్ అభిమానులు నేటికీ అంటారు. పాత ఆయుధశాల అధికారులు బయటివాడి తుపాకి మీద అక్కసుతో కావాలనే చెడగొట్టారని ఇంకో కథ. ఈ వాదాలన్నిటిలోనూ ఎంతోకొంత నిజం ఉంది. అన్నిటికీ ఒకే బలహీనత కూడా ఉంది. లోపం ఏదో ఒక భాగంలో ఉంటుందని, దాన్ని వేలెత్తి చూపిస్తే పని అయిపోతుందని ఇవన్నీ ముందే అనుకుంటాయి. దొరికిన సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది వేరు. తనంతట తానే తూటా మార్చుకునే తుపాకిలో మొరాయింపు అనేది భాగాల మధ్య కుదరని లెక్క. వాటిలో ఒకదాన్ని మార్చి, మిగతావి ఎప్పటిలాగే ఉంటాయని నమ్మి, మొత్తాన్ని మళ్ళీ పరీక్షించకపోవడమే ఎం-16 విషయంలో జరిగిన తప్పు.

ముందు ఆ లెక్క ఏమిటో చూడాలి. యూజీన్ స్టోనర్ ఆర్మలైట్ కంపెనీలో ఉండగా 1950ల చివర్లో రూపొందించిన, తర్వాత ఎం-16గా మారిన ఏఆర్-15లో బారెల్ మీద ఒకచోట సన్నని రంధ్రం ఉంటుంది. గుండు ఆ రంధ్రం దాటిపోగానే వెనకాల ఒత్తిడితో ఉన్న వాయువులో కొంత ఆ రంధ్రంలోంచి ఒక సన్నని గొట్టంలోకి దూరి, వెనక్కి ప్రయాణించి, ఛాంబర్‌ను మూసి ఉంచే బోల్ట్‌ను మోసే ఇనుప దిమ్మలోకి వెళుతుంది. ఆ తోపుకు దిమ్మ వెనక్కి కదులుతుంది, బోల్ట్ తిరిగి తాళం ఊడుతుంది, ఖాళీ తొడుగు బయటికి వస్తుంది, వెనకున్న బఫర్, స్ప్రింగ్ కలిసి దిమ్మను ఆపి ముందుకు నెడతాయి, దారిలో మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. నిమిషానికి 750 గుండ్ల వేగంలో ఈ చక్రమంతా సెకనులో పన్నెండో వంతులో పూర్తవుతుంది. ఇందులో అన్నిటికన్నా సున్నితమైన ఘడియ తాళం ఊడే ఘడియ. తూటా పేలినప్పుడు ఇత్తడి తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడకు అదుముకుంటుంది, ఒత్తిడి పడిపోగానే కొద్దిగా ముడుచుకుని వదులవుతుంది. ఆవిరి దిగకముందే ప్రెషర్ కుక్కర్ మూత లాగబోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. తాళం ఒక్క క్షణం ముందు ఊడితే తొడుగు ఇంకా గోడను పట్టుకునే ఉంటుంది. కొక్కెం లాగుతుంది, తొడుగు రాదు, అంచు చిరుగుతుంది. అంటే తొడుగు ఇరుక్కోవడానికి కొక్కెం బలహీనత కారణం కావచ్చు, ఇత్తడి మెత్తదనం కావచ్చు, గోడ గరుకుదనం కావచ్చు, వాయువు అతిగా రావడం కావచ్చు, దిమ్మ తేలికవడం కావచ్చు. లక్షణం ఒకటే, దారులు అయిదు. ఆపైన ఒక చిక్కు కూడా ఉంది. వాయువు చాలకపోయినా రైఫిల్ ఆగుతుంది, ఎక్కువైనా ఆగుతుంది. చాలకపోతే దిమ్మ పూర్తిగా వెనక్కి వెళ్ళక కొత్త తూటాను అందుకోదు. ఎక్కువైతే దిమ్మ ఎంత వడిగా తిరిగి వస్తుందంటే, మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాను పైకి తెచ్చేలోపే దాటిపోతుంది. రెండు సందర్భాల్లోనూ కాల్చేవాడికి కనిపించేది ఖాళీ ఛాంబరే.

ఇక మందు సంగతి. స్టోనర్ తన తుపాకిని డూపాంట్ కంపెనీ తయారుచేసే ఐఎంఆర్ 4475 అనే మందుతో సరిచూసుకున్నాడు. సన్నని పుల్లల ముక్కల్లా ఉండే మందు అది. 1962లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ వెయ్యి ఏఆర్-15లను వియత్నాం పంపి దక్షిణ వియత్నాం సైనికుల చేత వాడించినప్పుడు వచ్చిన నివేదికలు మెచ్చుకోళ్లే. 1963 చివర్లో కోల్ట్ కంపెనీకి లక్షకు పైగా రైఫిళ్ల ఆర్డర్ వెళ్లింది. అప్పుడు సైన్యం ఈ తూటాకు అధికారిక ప్రమాణం రాసింది. గుండు వేగం సెకనుకు 3,250 అడుగులు ఉండాలి, ఛాంబర్ ఒత్తిడి నిర్ణయించిన హద్దు దాటకూడదు. పాత మందుతో పెద్దఎత్తున తయారుచేస్తూ ఈ రెండు షరతులూ ఒకేసారి నిలబెట్టడం కష్టమని తూటా తయారీదారులు చెప్పారు. 1964లో ప్రత్యామ్నాయాలకు అనుమతి వచ్చింది. వాటిలో చివరికి నిలిచింది ఓలిన్ మాథీసన్ కంపెనీ తయారుచేసే డబ్ల్యుసి 846, చిన్న గుళికల్లా ఉండే మందు. కాగితం మీద దానికి వంక పెట్టడానికి లేదు. వేగం ఉంది, ఛాంబర్ ఒత్తిడి హద్దులోనే ఉంది, చౌక, త్వరగా తయారవుతుంది, 7.62 మిల్లీమీటర్ల తూటాల్లో అప్పటికే పేరు తెచ్చుకుంది. అయితే అది మండే తీరు వేరు. ఒత్తిడి నెమ్మదిగా పెరిగి ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి గుండు ఆ సన్నని రంధ్రం దగ్గరికి చేరేసరికి అక్కడి ఒత్తిడి పాత మందుతో పోలిస్తే ఎక్కువగా ఉంటుంది. ప్రమాణంలో ఛాంబర్ ఒత్తిడి ఉంది, గుండు వేగం ఉంది. రైఫిల్‌ను నడిపించేది రంధ్రం దగ్గరి ఒత్తిడి. దాని మీద పెట్టాల్సినంత చూపు ఎవరూ పెట్టలేదు. ఫలితం కొలతకు అందేదే. నిమిషానికి 650 నుంచి 850 మధ్య ఉండాల్సిన వేగం వెయ్యి దాకా ఎగబాకింది. 750 దగ్గర ఒక్కో చక్రానికి 80 మిల్లీసెకన్లు దొరికేవి, వెయ్యి దగ్గర 60 మాత్రమే. దీనికి తోడు, గుళికల మందు తయారీలో ఆమ్లాన్ని అణచడానికి కలిపే కాల్షియం కార్బనేట్, అంటే మన సుద్దలో ఉండే పదార్థమే, సన్నని వాయు గొట్టంలో పేరుకునేది.

ఇక్కడిదాకా చదివినవాడు మందే దోషి అని తీర్పు చెప్పేయవచ్చు. 1981లో అట్లాంటిక్ పత్రికలో జేమ్స్ ఫాలోస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం తర్వాత చాలామంది అదే చెప్పారు. కానీ ఈ కథలో మందు మార్పు కంటే ముఖ్యమైన ఘట్టం తర్వాత వస్తుంది. గుళికల మందు తూటాలతో పరీక్షిస్తే తమ రైఫిళ్లలో దాదాపు సగం కాల్పుల వేగం హద్దు దాటి తిరస్కరణకు గురవుతాయని కోల్ట్ సైన్యానికి తెలియజేసింది. సమాధానంగా వచ్చిన పరిష్కారం ఏమిటంటే, కార్ఖానాలో అంగీకార పరీక్షకు కోల్ట్ పాత తరహా మందు తూటాలే వాడుకోవచ్చు. రైఫిల్ ఒక మందుతో పరీక్ష పాసయింది, ఇంకో మందుతో యుద్ధానికి వెళ్లింది. విచారణలో బయటపడ్డ విషయాల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలేది ఇదే. మందు మార్చేటప్పుడు పర్యవసానం ఊహించలేకపోయారంటే అర్థం చేసుకోవచ్చు, ఇంజనీరింగ్‌లో ఊహకందనివి ఉంటాయి. ఈ అనుమతి ఇచ్చే నాటికి మాత్రం తేడా ఉందని అంకెల్లో తెలుసు. తెలిసి, కొలబద్దనే మార్చారు.

ఛాంబర్ పూత వాదాన్ని కూడా ఇదే వెలుగులో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల తేమలో బారెళ్లు తుప్పు పట్టడం అమెరికన్ సైన్యానికి అనుభవమే. ఎం-16 కంటే ముందున్న ఎం-14 బారెల్‌కు క్రోమియం పూత ఉండటం ఆ అనుభవం నేర్పిన పాఠమే. ఎం-16కు ఆ పూత లేదు. అంత సన్నని బారెల్‌లో పూత వేయడం అప్పటికి కష్టసాధ్యం, స్టోనర్ రూపకల్పనలోనూ అది లేదు. వియత్నాం తేమలో పూత లేని ఉక్కు గోడ మీద తుప్పు చిన్న చిన్న గుంటలు తొలుస్తుంది. ఉబ్బిన ఇత్తడి ఆ గుంటల్లోకి అదుముకుంటే, తాళం సమయానికే ఊడినా తొడుగు రానంటుంది. సమయానికి ముందే ఊడితే ఇక చెప్పాలా? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. పాత మందు, పాత వేగం ఉండి ఉంటే గరుకు గోడను కొంతవరకు భరించేది. నున్నని గోడ ఉండి ఉంటే కొత్త మందు వేగాన్ని కొంతవరకు తట్టుకునేది. ఆ రెండింటినీ విడివిడిగా తూచి ఇది నలభై పాళ్లు, అది అరవై పాళ్లు అనడంలో అర్థం లేదు. ఒకదానికి ఉన్న వెసులుబాటును రెండోది మింగేసింది.

సైనికుడి నిర్లక్ష్యం అన్న వాదాన్ని వట్టి బుకాయింపుగా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 1966 చివర్లో వియత్నాం వెళ్లి చూసిన సైనిక బృందాలు, కోల్ట్ ప్రతినిధులు ఎన్నో తుపాకులు దారుణంగా మురికిపట్టి ఉన్నాయని రాశారు. అది అబద్ధమని చెప్పడానికి ఆధారం లేదు. కొందరు సైనికులు అంతకుముందు ఆ తుపాకిని చేత్తో ముట్టుకోనైనా లేదు. కానీ నిర్లక్ష్యం ఎక్కడినుంచి వచ్చిందో అడగాలి. ఈ రైఫిల్‌కు పెద్దగా శుభ్రం అక్కర్లేదన్న మాట ఎలాగో బలంగా పాకిపోయింది. కడ్డీలు, బ్రష్‌లు అందరికీ చాలినన్ని లేవు. ఛాంబర్‌ను తోమడానికి దానికి సరిపడే ప్రత్యేకమైన బ్రష్ మొదట్లో సరఫరాలోనే లేదు. ఆ పరిస్థితిలో మురికిని సైనికుడి గుణదోషంగా లెక్కగట్టడం కుదరదు. మందు పొడి ఎంత మసి వదులుతుందో, ఆ మసిని తీసే సరంజామా ఎంత అందుతుందో, ఎవరు ఎంత నేర్పారో, ఇవన్నీ రైఫిల్ నడకలో భాగాలే. కార్టూనిస్టు విల్ ఐస్నర్ చేత 1968లో బొమ్మల కథ రూపంలో ఈ రైఫిల్ సంరక్షణ పుస్తకం గీయించి సైన్యం పంచింది. సరసంగానే ఉంటుంది, పనికీ వచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు, అయినా ఆకులే.

ఒకే కారణం సిద్ధాంతాలన్నిటికీ అసలైన పరీక్ష వియత్నాంలోనే జరిగిన రెండు పోరాటాల పోలిక. 1965 నవంబర్‌లో ఇయాడ్రాంగ్ లోయలో అమెరికన్ సైనికాధికారి హాల్ మూర్ దళం ఎం-16లతోనే పోరాడింది. ఆ గెలుపులో రైఫిల్‌కూ వాటా ఉందని మూర్ స్వయంగా మెచ్చుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత ఖేసాన్ కొండల మీద అదే రైఫిల్ మెరీన్ల చేత తిట్లు తిన్నది. రూపకల్పనే లోపమైతే మూర్ మెప్పును ఎలా వివరించాలి? కాలం గడిచి తుప్పు పట్టడమే కారణమైతే, మెరీన్లకు ఆ రైఫిళ్లు వచ్చి అప్పటికి కొన్ని వారాలే అయిందన్నది అడ్డం వస్తుంది. నిర్లక్ష్యమే కారణమైతే, మెరీన్లు తుపాకి సంరక్షణలో ఎవరికన్నా తక్కువ తిన్నవాళ్లు కారు. మందే కారణమైతే, అదే మందు మోసిన అన్ని దళాల్లోనూ ఒకే స్థాయిలో మొరాయింపు కనిపించాలి. అలా కనిపించలేదు. పరిస్థితుల కలయికను చూస్తే మాత్రం రెండూ అర్థమవుతాయి. మూర్ దళం ఆ రైఫిల్‌తో సాధన చేసి వచ్చింది, ఆయుధాలు కొత్తవి. మెరీన్లు అప్పటిదాకా బరువైన, పూత ఉన్న, మొరటు వాడకాన్ని భరించే ఎం-14కు అలవాటుపడ్డారు. దాన్ని తీసుకుని దీన్ని చేతిలో పెట్టి, సరైన శిక్షణ లేకుండా కొండల మీదికి పంపారు. తర్వాతి తనిఖీల్లో ఛాంబర్లు గుంటలు పడ్డ రైఫిళ్లూ దొరికాయి. ఆ తేమలో పూత లేని ఉక్కుకు కొన్ని వారాలు కూడా చాలు.

మరమ్మతుల చరిత్ర ఈ వాదానికి ఇంకా బలమైన సాక్ష్యం. 1966 చివరినుంచి పాత బఫర్ స్థానంలో లోపల కదిలే బరువులున్న కొత్త, బరువైన బఫర్ వచ్చింది. వేగం తగ్గింది, బోల్ట్ ముందుకు వచ్చి కొట్టుకుని ఎగరడం తగ్గింది. 1967లో ఛాంబర్‌కు క్రోమియం పూత మొదలైంది, కొన్నేళ్లకు బారెల్ మొత్తానికీ వచ్చింది. ఇత్తడి తొడుగు గట్టిదనానికి ప్రమాణం బిగించారు. మందులో కాల్షియం కార్బనేట్‌ను పావు శాతానికి కుదించారు. సరంజామా, శిక్షణ అందాయి. కానీ గుళికల మందును తీసేయలేదు. డబ్ల్యుసి 846లోంచే ఈ తూటాకు తగినదాన్ని వేరుచేసి డబ్ల్యుసి 844 అన్నారు, దశాబ్దాలపాటు అమెరికన్ సైన్యం ఈ రైఫిల్ వాడే 5.56 మిల్లీమీటర్ల తూటాల్లో అదే కాల్చింది. దోషి అన్న మందు చెరలోకి పోలేదు, చుట్టూ ఉన్నవి దానికి తగ్గట్టు మారాయి. 1968లో వియత్నాంలో సైన్యం అడిగి చూసిన 2,100 మందిలో వేరే ఆయుధం కావాలన్నవారు 38 మందే, వాళ్లలో కూడా ఎక్కువమంది కోరింది ఇదే రైఫిల్ పొట్టి రకాన్ని.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. అన్నీ ఒకేసారి మార్చినప్పుడు ఏది పనిచేసిందో ఎలా చెబుతారు? అసలు నేరస్థుడు ఒక్కడే అయి, వాడికి చికిత్స జరిగాక మిగతా మార్పులన్నీ అలంకారప్రాయం కావచ్చు కదా? తర్కం దృష్ట్యా ఇది సరైన ప్రశ్న. పద్ధతి ప్రకారం పోయేవాడు ఒక్కోసారి ఒక్కదాన్నే మార్చి చూస్తాడు. యుద్ధం మధ్యలో ఉన్న సైన్యం అలా చేయలేదు, చేయకపోవడాన్ని తప్పుపట్టలేం. కానీ ఒక్కడే నేరస్థుడన్న ఊహను తర్వాతి చరిత్ర సమర్థించదు. 1994లో ఎం4 అనే పొట్టి రైఫిల్ అధికారికంగా వచ్చినప్పుడు బారెల్‌కు క్రోమియం పూత ఉంది, మందు కుదురుకుంది, శిక్షణకు కొరత లేదు. పొట్టి చేయడం వల్ల వాయువు తీసే రంధ్రం ఛాంబర్‌కు దగ్గరగా జరిగింది, అంతే. దగ్గరగా జరిగితే ఒత్తిడి ఎక్కువ, తాళం ఊడే సమయం ముందుకు. మళ్ళీ తొడుగు లాగే కొక్కెం దగ్గర ఇబ్బందులు మొదలయ్యాయి, కొక్కెం వెనకున్న స్ప్రింగ్‌ను గట్టిపరచాల్సి వచ్చింది, బఫర్ బరువు పెంచాల్సి వచ్చింది. మందును మార్చకుండానే, గోడ గరుకవకుండానే, 1966 నాటి లక్షణాల్లో కొన్ని తిరిగి వచ్చాయి. ఏ కారణాన్ని కొట్టేసినా లెక్క కుదరకపోతే రోగం ఇంకో దారిన వస్తుందన్నమాట.

అంకెల విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. 2007లో అబర్డీన్ పరీక్షా కేంద్రంలో అమెరికన్ సైన్యం పది ఎం4ల చేత దుమ్ము మధ్య 60,000 గుండ్లు కాల్పించింది. ఆ శరదృతువు పరీక్షలో అవి 882 సార్లు ఆగాయి. పోటీగా పెట్టిన మూడు రైఫిళ్లలో ఎక్స్ఎం8 127 సార్లే ఆగింది. ఎం4 పనికిమాలిందని చాటడానికి పత్రికలకు ఆ అంకె చాలింది. కానీ కొన్ని నెలల ముందు, వేసవిలో జరిగిన అదే తరహా పరీక్షలో ఎం4 ఆగింది 307 సార్లు. రైఫిల్ అదే, దుమ్ము అదే, గుండ్ల సంఖ్య అదే, ఫలితం దాదాపు మూడింతలు. 882లో 239 మ్యాగజైన్ వల్ల వచ్చినవని సైన్యమే విడదీసి చూపింది. ఎక్స్ఎం8 మేలైనదని నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మొరాయింపుల సంఖ్యను తుపాకి జాతకంలా చదివేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఆ సంఖ్యలో తుపాకితో పాటు మ్యాగజైన్ కూడా ఉంది, నూనె ఎంత పూశారన్నదీ ఉంది.

అమెరికాలో ఇదే రైఫిల్ పౌర రూపాన్ని భాగాలుగా కొని ఇంట్లో కూర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. స్టోనర్ పేటెంట్ల గడువు 1977లో ముగిశాక భాగాలు చేసే కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. బారెల్ ఒకరిది, బఫర్ ఇంకొకరిది, తూటా మూడోవారిది. విడివిడిగా ప్రతి భాగమూ కొలతల్లో ఉంటుంది, కలిపాక ఆగిపోతుంది. అప్పుడు మొదలయ్యే వాదన చూస్తే అరవై ఏళ్ల కిందటి ఐకార్డ్ విచారణ మళ్ళీ జరుగుతున్నట్టుంటుంది, స్ప్రింగ్ అని ఒకరు, తూటా అని ఒకరు, నీ చేతి పట్టు అని ఇంకొకరు. స్ప్రింగ్ మార్చగానే లక్షణం మాయమైతే రోగం అక్కడే ఉందని తీర్మానించేస్తారు, వాయువు అతిగా రావడాన్ని గట్టి స్ప్రింగ్ కప్పిపుచ్చి ఉండవచ్చన్న ఆలోచన రాదు. మన దేశంలో ఇటువంటి సరదాకు తావు లేదు. లైసెన్సు లేకుండా ఆయుధం తయారుచేయడం, కూర్చడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, మన తెలుగు పాఠకుడికి ఈ ప్రశ్న సైన్యాల సందర్భంలోనే ఎదురవుతుంది.

అలా ఎదురైన సందర్భాలూ ఉన్నాయి. పుణేలోని రక్షణ పరిశోధన సంస్థ రూపొందించి, ఇషాపూర్, తిరుచిరాపల్లి కార్ఖానాల్లో తయారైన ఇన్సాస్ రైఫిల్ మీద 1999 కార్గిల్ చలిలో ఫిర్యాదులు వచ్చాయి, ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగలడం వాటిలో ఒకటి. 2005 ఆగస్టులో కాలికోట్ దగ్గర మావోయిస్టుల దాడిలో నేపాల్ సైన్యం 43 మందిని కోల్పోయింది. ఇన్సాస్‌లు సరిగా పనిచేయలేదని ఆ సైన్యం బహిరంగంగా అంది. సరిగా వాడకపోవడం వల్ల కావచ్చు, కావాలంటే శిక్షణ ఇస్తామన్నది మన వైపునుంచి వచ్చిన సమాధానం. అది అబద్ధమని నేను అనను. ఎడతెరిపి లేని కాల్పుల్లో ఏ రైఫిలైనా వేడెక్కి ఇబ్బంది పెడుతుంది. కానీ 1966లో కోల్ట్, అమెరికన్ సైన్యం ఇచ్చిన మొదటి సమాధానంతో ఈ మాటకున్న పోలిక గమనించదగ్గది. బ్రిటన్ ఎల్85 రైఫిల్ 1991 గల్ఫ్ యుద్ధపు ఇసుకలో మొరాయించినప్పుడూ మొదట వేలు సైనికుడి వైపే తిరిగింది. చివరికి హెక్లర్ అండ్ కాక్ కంపెనీకి రైఫిళ్లు అప్పగిస్తే, వాళ్లు మార్చింది ఒక భాగాన్ని కాదు. బోల్ట్, కొక్కెం, సుత్తి, వాయు భాగాలు, మ్యాగజైన్, అన్నీ కలిపి మార్చారు. వాడేవాడిని తప్పుపట్టడం చౌక, మొదట అందుబాటులో ఉండేది కూడా అదే. భాగాల లెక్కను మళ్ళీ సరిచూడటం డబ్బుతో, కాలంతో, పరువుతో కూడిన పని.

ఆఖరి అభ్యంతరం నైతికమైనది. లోపం ఏ ఒక్క భాగానిదీ కాదంటే తప్పు ఏ ఒక్క మనిషిదీ కాదని తేలిపోతుంది, తిలా పాపం తలా పిడికెడు పంచుకుని అందరూ చేతులు దులుపుకుంటారు కదా? నా ఉద్దేశంలో ఈ వాదం బాధ్యతను పలచన చేయదు, దాని చిరునామాను మారుస్తుంది. భాగం తయారుచేసినవాడి దగ్గరినుంచి, భాగాల మధ్య పొందికకు జవాబుదారీగా ఉండాల్సినవాడి దగ్గరికి తీసుకుపోతుంది. మందు మార్పు గురించి స్టోనర్ ఐకార్డ్ ఉపసంఘం ముందు చెప్పిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ కొత్త ప్రమాణాల మీద రక్షణశాఖ అధికారి ఒకరు తన అభిప్రాయం అడిగారని, వద్దని తాను సలహా చెప్పానని, నిర్ణయం అప్పటికే జరిగిపోయిందని తర్వాత తెలిసిందని ఆయన సాక్ష్యమిచ్చాడు. రైఫిల్, మందు, గొట్టం, బఫర్ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో అందరికన్నా బాగా తెలిసిన మనిషిని అడిగింది నిర్ణయం కోసం కాదు, నిర్ణయానికి తోడు కోసం. మందును ఒక విభాగం, రైఫిల్‌ను మరో విభాగం, ఆమోదాన్ని ఇంకో సంఘం చూసుకున్నాయి. ఎవరికి వారు తమ కాగితం సరిగ్గానే నింపారు. 1967 అక్టోబర్‌లో వెలువడిన ఐకార్డ్ నివేదిక సైన్యం తీరును దాదాపు నేరపూరిత నిర్లక్ష్యమనే స్థాయిలో తప్పుపట్టింది. మందు మార్పుకు ఆధారం సరిపోదని చెప్పింది, అంగీకార పరీక్షలో వేరే తూటా వాడనివ్వడాన్ని విడిగా ఎత్తిచూపింది. ఆ రెండో అంశం దగ్గర సంతకం పెట్టిన చేతిని గుర్తించడానికి వాయువుల భౌతికశాస్త్రం అక్కర్లేదు. కార్ఖానాలో కాల్చిన తూటా డబ్బా మీద లాట్ నంబర్ ఉంటుంది, వియత్నాం ఓడకు ఎక్కించిన డబ్బా మీదా ఉంటుంది. ఆ రెండు నంబర్లూ వేరువేరు మందులవని తెలిసీ రైఫిల్ సరిగ్గా ఉందని రాసినవాళ్లకు చిరునామా ఉంది.